ఎర్ర వైరులో ఉండిపోయిన సగం

ఒకే సంగీతాన్ని ముప్పై ఏళ్లకు పైగా విని, దాని గురించి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పి, చివరికి అందులో సగమే విన్నానని తెలుసుకున్న మనిషిని నేను. వృత్తి తెలుగు టీచరు. కోపం ముక్కు మీదే ఉంటుందని పిల్లలూ అంటారు, మా ఆయనా అంటాడు. నా క్లాసులో ఎవరైనా సగం పాఠం చదివి మొత్తం చదివినట్టు మాట్లాడితే బయట నిలబెట్టేదాన్ని. అలాంటిది నన్ను నేను ఎక్కడ నిలబెట్టుకోవాలో తెలియని రోజు ఒకటి వచ్చింది.

మొదటి నుంచి చెప్తాను. మెదక్‌లో అప్పట్లో పాటలు రికార్డు చేయించుకోవాలంటే మైక్ సెట్ భాయ్ దుకాణానికే పోయేవాళ్లం. పెళ్లిళ్లకు, ఊరేగింపులకు, సభలకు హారన్లు, అంటే గరాటు లాంటి మైకులు, కట్టడం ఆయన అసలు పని. వెనక గదిలో హారన్లు, వైరు చుట్టలు, బ్యాటరీలు. ముందు గదిలో ఒక రికార్డ్ ప్లేయర్, రెండు క్యాసెట్ డెక్కులు. కావలసిన పాటల పేర్లు కాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్‌తో సహా ఇచ్చి వస్తే రెండు రోజుల్లో తయారుగా ఉంచేవాడు. నేను టీచర్ ట్రైనింగ్ చదువుతున్న రోజులవి. రామాయంపేట నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. మా అమ్మకు మంగళహారతులు రికార్డు చేయించడానికి కాగితం పట్టుకుని ఆ దుకాణం మెట్లెక్కాను.

లోపల ఏదో మోగుతోంది. ముందు నీళ్లను తెడ్డు కోస్తున్న చప్పుడు. తర్వాత గంట. తర్వాత ఒక మగగొంతు, చాలా దూరంలో ఉన్న ఎవరినో పిలుస్తున్నట్టు. ఆ గొంతు కింద నుంచి పెద్ద హార్మోనియం లాంటి ఆర్గాన్ నెమ్మదిగా లేచి, దుకాణంలో గోడలకు వేలాడే హారన్లన్నీ వణికేంత పెద్దదై, మళ్లీ తగ్గి నీళ్ల చప్పుడు అయిపోయింది. పాట అయిపోయిందనుకున్నాను. అవలేదు. అందులోంచే ఇంకొకటి మొదలైంది, ఎక్కడ మొదలైందో చెప్పలేను. కాగితం చేతిలోనే ఉండిపోయింది. రికార్డు ఆ పక్క మొత్తం అయిపోయేదాకా గడప దగ్గరే నిలబడ్డాను. నా బస్సు వెళ్లిపోయింది.

"గివి పాటలు గావమ్మా," అన్నాడు భాయ్, సూది ఎత్తుతూ. "యాడ మొదలువెట్టాల్నో తెల్వది, యాడ ఆపాల్నో తెల్వది. సూది మంచిగున్నదా లేదా అని చూస్తున్న, గంతే."

"ఆపకుండ మొత్తం ఎక్కియ్యుండ్రి భాయ్," అన్నాను. మంగళహారతుల కోసం తెచ్చిన క్యాసెట్ ఇచ్చేశాను. ఇంటికి వెళ్లి అమ్మకు దుకాణం మూసి ఉందని అబద్ధం చెప్పాను.

ఎక్కడో విదేశం నుంచి వచ్చి ఇక్కడి దవాఖానలో కొన్నాళ్లు పనిచేసిన ఒక డాక్టరు, వెళ్లిపోతూ ఆ ప్లేయర్‌తో పాటు ఆరు రికార్డులు వదిలేసి వెళ్లాడట. అవి తిరిగి తిరిగి భాయ్ చేతికొచ్చాయి. ఆరూ నేను ఎక్కించుకున్నాను. ఒకదాంట్లో రైలు పట్టాలు వేయడానికి ఊరు ఖాళీ చేసిన జనం కథ. ఒకదాంట్లో గాజు ఊదే పనివాడి కథ. ఒకదాంట్లో ఒక పక్క అంతా కలిపి ఒక్కటే పాట, వేలు పెట్టి ఇక్కడ విరుద్దామన్నా సందు దొరకదు. వీటిని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని, కథగా అల్లిన ఇలాంటి రికార్డును కాన్సెప్ట్ ఆల్బమ్ అంటారని చాలా ఏళ్ల తర్వాత ఫోన్‌లో చదివి తెలుసుకున్నాను. పేరు తెలియకపోవడం వల్ల నాకు పోయిందేమీ లేదు.

నాకు అవి కొత్తగా కాక, తెలిసినవిగా అనిపించడమే వింత. చిన్నప్పుడు ఒగ్గు కథ చెప్పేవాళ్లు మా వాడకు వచ్చేవారు. కథకుడు కథలోంచి బయటికి వచ్చి జోకులేసేవాడు, ముందు వరుసలో కునికే ముసలాయన్ని ఆటపట్టించేవాడు, ఆ తర్వాత డోలు మీద ఒక్క దరువు పడగానే జనమంతా వదిలిన చోటికే తిరిగి వెళ్లిపోయేవారు. ఈ ఆల్బమ్‌లలోనూ అంతే. మొదటి పాటలో విన్న చిన్న వరస ఏడో పాటలో మళ్లీ వస్తుంది, కానీ నెమ్మదిగా, వయసు మీద పడి వస్తుంది. చిన్నప్పుడు చూసిన పిల్లను పెళ్లిపీటల మీద చూసినట్టు ఉండేది నాకు. వరస మారలేదు, మధ్యలో జరిగిన కథంతా దాని మీదికి ఎక్కింది. ఇంత పెద్ద కట్టడాన్ని ఎవరో మనుషులు కూర్చుని, మాట్లాడుకుని, వాయించి కట్టారంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

మా తెలుగు పరీక్షల్లో సందర్భ సహిత వ్యాఖ్యలు అని ఒక ప్రశ్న ఉంటుంది. ఒక వాక్యం ఇస్తాం. అది ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో రాయాలి. సందర్భం రాయకుండా ఎంత అందంగా అర్థం చెప్పినా మార్కులు రావు. ఈ ఆల్బమ్‌లు సందర్భం లేకుండా ముందుకు కదలని సంగీతం. అందుకే నాకు అంత నచ్చాయి.

ఆరింటిలో నా ప్రాణం మొదట విన్న పడవవాడి ఆల్బమ్. పొద్దున మంచులో మొదలై సాయంత్రం చీకటి పడేలోపు ముగిసే ఒక్క రోజు కథ. పడవవాడు ఈ ఒడ్డున నిలబడి అవతలి ఒడ్డును పిలుస్తుంటాడు. ఎవరున్నారక్కడ అంటాడు. రావాలా వద్దా అంటాడు. అట్ట మీద బొమ్మ తప్ప సాహిత్యం అచ్చు వేయలేదు. డిక్షనరీ ఒడిలో పెట్టుకుని, క్యాసెట్ వెనక్కి తిప్పి ముందుకు తిప్పి, ఒక్కొక్క మాట నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పిలుపుల మధ్య ఖాళీలు ఉండేవి. పిలుస్తాడు, ఆగుతాడు, నీళ్లు కదులుతాయి, మళ్లీ పిలుస్తాడు. ఎవరూ పలకరు. చివర్లో వాన వెలిశాక పడవ ఎక్కి తెడ్డు వేస్తాడు. ఆ తెడ్డు చప్పుడు తగ్గుతూ తగ్గుతూ, లేకుండా పోతుంది. తర్వాత క్యాసెట్ తిరిగే బుస మాత్రమే.

మునిగిపోయాడని నేను తీర్మానించుకున్నాను. జవాబు రాని మనిషి పిలిచీ పిలిచీ చివరికి నీళ్లలో కలిసిపోయాడు. మా అమ్మ చనిపోయిన ఏడాది ఆ చివరి పాట విన్నన్నిసార్లు ఇంకేదీ వినలేదు. అమ్మా అని పిలిస్తే ఖాళీ. మళ్లీ పిలిస్తే మళ్లీ ఖాళీ. ఏడుపు వచ్చేది, కానీ నన్ను అర్థం చేసుకున్నవాడు ఎక్కడో ఒకడున్నాడన్న ధైర్యం కూడా వచ్చేది. క్లాసులో మౌనం గురించి చెప్పాల్సి వస్తే ఆ పడవవాడి ఖాళీల గురించే చెప్పేదాన్ని. గొప్ప కళాకారుడికి ఎక్కడ ఊరుకోవాలో తెలుస్తుందర్రా అని వేలు చూపించి మరీ చెప్పేదాన్ని.

మా ఆయనకు ఈ పిచ్చి అంటుకోలేదు. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆర్గాన్ లేచినప్పుడల్లా, "ఫ్యాన్ బెల్ట్ ఒదులైనట్టున్నది, జర చూపియ్యి," అనేవాడు. అయినా నేను వింటున్నంతసేపు టీవీ పెట్టేవాడు కాదు.

రెండేళ్ల కిందట మా ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. నేను ఏదైనా అడుగుతాను, ఆయన పలకడు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే పలకడు. కరెంటు బిల్లు కట్టారా అంటే పలకడు. ఒంటికాలి మీద లేచేదాన్ని. మూగమొద్దు అన్నాను, ఇంకా చాలా అన్నాను. నా కుడిచెవిలో జోరీగ మోత కూడా అప్పటి నుంచే ఉంది. చివరికి మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చి, ఇద్దరినీ కారులో వేసుకుని చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. పరీక్షలయ్యాక డాక్టరమ్మ ఒక కాగితం మీద గీతలు చూపించి, నాకు కుడివైపు వినికిడి సగానికి పడిపోయింది, మెల్లగా మాట్లాడితే అటు నుంచి వినబడదు అని చెప్పింది.

"నేను జవాబు చెప్తనే ఉన్న డాక్టరమ్మా," అన్నాడు మా ఆయన. "ఏడాది సంది చెప్తనే ఉన్న."

ఇంట్లో ఆయన కుర్చీ ఎప్పుడూ నాకు కుడిపక్కనే ఉంటుంది. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. స్కాన్ తీశాక అసలు సంగతి తెలిసింది. వినికిడి నరం మీద చిన్న గడ్డ. క్యాన్సర్ కాదు, కానీ పెరుగుతోంది, ఇంకా పెరిగితే ముఖం వంకర పోవచ్చు, తీసేయక తప్పదు. తీస్తే కుడిచెవి పూర్తిగా పోతుంది.

"ఒక్క చెవితో అన్నీ వినిపిస్తాయి మేడం, భయపడకండి," అంది డాక్టరమ్మ. "కాకపోతే శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం రెండు వైపులా చూసుకోవాలి."

ఆపరేషన్‌కు మూడు వారాల తర్వాత రోజు ఇచ్చారు. ఇంటికి వచ్చాక నాకు కలిగిన మొదటి కోరిక పడవవాడిని వినాలని. రెండు చెవులూ ఉన్నప్పుడే, చివరిసారి. నా క్యాసెట్లన్నీ ఎప్పుడో బూజు పట్టి పోయాయి. మా అమ్మాయి ఫోన్‌లో వెతికి ఆల్బమ్ పట్టుకుంది, తన పెద్ద హెడ్‌ఫోన్ నా తల మీద పెట్టింది. ఆ ఫోన్ యాప్ మొదటి పాట వేయకుండా తన ఇష్టం వచ్చినట్టు నాలుగోది వేసింది. ఒళ్లు మండినా సర్దుకున్నాను. పడవవాడు పిలిచాడు. ఆగాడు. నాకు కంఠతా వచ్చిన ఖాళీ వచ్చింది.

ఆ ఖాళీలో, నా కుడిచెవిలో, ఒక ఆడగొంతు పలికింది.

గడ్డ ఉన్న చెవి అది. చెవిలో లేని చప్పుళ్లు వినిపించవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది, మోత, ఈల, అలాంటివి. పాట కూడా వినిపిస్తుందని చెప్పలేదు. రోగం అంతదాకా వచ్చిందనుకున్నాను. పడవవాడు మళ్లీ పిలిచాడు, ఆమె మళ్లీ పలికింది. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. నా రోగమే పాడుతుంటే హెడ్‌ఫోన్ తిప్పి పెట్టినా అది కుడిచెవిలోనే పాడాలి కదా. తీసి, అటుది ఇటు తిప్పి పెట్టుకున్నాను. ఈసారి ఆమె ఎడమచెవిలో పలికింది. పడవవాడు కుడికి పోయాడు.

ఆమె నాలో లేదు. పాటలో ఉంది. మొదటి నుంచీ ఉంది.

అంతలో పాట మధ్యలో సబ్బు ప్రకటన వచ్చింది. హెడ్‌ఫోన్ తీసి మంచం మీద పడేశాను. ముక్కలు ముక్కలుగా, వరస తప్పించి, సబ్బులు కలిపి వినడానికి నా మనసు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లు పలుకుతున్న మనిషిని మొదటిసారి వినబోతున్నాను. ఆమెను మొదటి నుంచీ, మర్యాదగా వినాలి. మర్నాడు పొద్దున్నే భాయ్ దుకాణానికి బయల్దేరాను.

భాయ్ ఇప్పుడు ముసలివాడయ్యాడు. పెళ్లిళ్లకు అందరూ డీజే బాక్సులు పిలుస్తున్నారు, ఆయన హారన్లకు చిన్న చిన్న సభలే మిగిలాయి. నేను మెట్ల మీద నుంచే అడగడం మొదలుపెట్టాను. ఏం ఎక్కించి ఇచ్చారు నాకు, సగం ఎక్కడ పోయింది, అంటూ నిలదీశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ముందు నన్ను కూర్చోమన్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. ఆయన లేచి వెనక గదిలోకి వెళ్లి ఒక పాత వైరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒక కొసన రెండు పిన్నులు ఉండాలి, తెల్లది ఒకటి, ఎర్రది ఒకటి. తెల్లది మాత్రమే బయటికి ఉంది. ఎర్రదాన్ని వెనక్కి మడిచి నల్ల టేపు చుట్టేసి ఉంది.

"చూడు టీచరమ్మా," అన్నాడు. "పెండ్లిల ఒక హారన్ గీ మూలకు కడ్తం, ఒకటి గా మూలకు కడ్తం. గీ మూలకున్నోళ్లకు సగం పాట, గా మూలకున్నోళ్లకు సగం పాట ఇస్తె నడుస్తదా? గందుకే ఒకటే వైరు. తెల్లదాంట్ల ఎడమ దిక్కు పాట, ఎర్రదాంట్ల కుడి దిక్కు పాట వస్తది; తెల్లది పెట్టుడు, ఎర్రది మలిచి టేపు చుట్టుడు. మా ఉస్తాద్ గిట్లనే నేర్పిండు. క్యాసెట్లు ఎక్కిచ్చుడు గూడ గీ వైరుతోనే."

"ఒక్కలు గూడ అడుగలేదా భాయ్?"

"సినిమ పాటలు గప్పుడు రెండు దిక్కుల ఒకటే ఉండె. ఎవలకు తెలుస్తది? నాకే తెల్వకపాయె."

నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. మెదక్, టేక్మాల్, నిజాంపేట, ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో ఆయన ఎక్కించిన క్యాసెట్లు ఉండేవో. అందరికీ పాట మొత్తం అందాలని పట్టిన పద్ధతి అది. దాంతోనే నా సగం పోయింది. తప్పు పట్టుకుందామంటే పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. పైగా ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది.

"రికార్డు నా తాన్నే ఉన్నది," అన్నాడు భాయ్. "అట్టలు చెదలు తిన్నయి, రికార్డులు మంచిగనే ఉన్నయి. ప్లేయర్‌కు బెల్టు లేదు. ఆపరేషన్ ఎన్నడు?"

చెప్పాను. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. "తెప్పిస్త. రెండు వైర్లు పెట్టి, రెండు బాక్సులు పెట్టి వినిపిస్త నీకు. నేను గూడ ఇనలే గదా అమ్మా," అన్నాడు.

ఆ మాట నా మనసులో నాటుకుంది. ఎక్కించిన మనిషి కూడా ఆ సగం ఎన్నడూ వినలేదు. బెల్టు ఒకటి వచ్చింది, సరిపోలేదు. ఇంకొకటి రావడానికి వారం పట్టింది. ఆ వారం నాకు పాట తప్ప ఇంకో ధ్యాస లేదు. చెవిలో మోత పెరిగినట్టనిపిస్తే భయం, తగ్గినట్టనిపిస్తే ఇంకా భయం. సమయం మించిపోతుందేమోనని ఒకటే ఆరాటం. ఆపరేషన్ ఇంకా మూడు రోజులుందనగా భాయ్ ఫోన్ చేశాడు.

మా ఆయన స్కూటర్ మీద దింపాడు. భాయ్ గోదాములో హారన్లన్నీ ఒక గోడకు నెట్టి, నేల ఊడ్చి, రెండు పెద్ద బాక్సులు పెట్టాడు. వాటి మధ్య దూరం తాడుతో కొలిచాడు. అంతే పొడవు తాడు రెండు బాక్సుల నుంచీ ముందుకు లాగి, రెండు కొసలు కలిసిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. ఇక్కడ కూర్చుంటేనే రెండు వైపులూ సమానంగా వినిపిస్తాయని చెప్పాడు. చోటు ఒకటే, వినేవాళ్లం ఇద్దరం. చివరికి నా కుర్చీ ముందు, ఆయన కుర్చీ సరిగ్గా నా వెనక, బస్సు సీట్ల లాగా వేసుకున్నాం. మా ఆయన వెళ్లిపోతాడనుకున్నాను. మూడో కుర్చీ తెచ్చి భాయ్ వెనక వేసుకుని పేపర్ తెరిచాడు. ఆ ఖాళీ గోదాములో ముగ్గురం ఒకరి వెనక ఒకరం, ఎక్కడికీ పోని బస్సులో కూర్చున్నట్టు కూర్చున్నాం.

భాయ్ వెళ్లి సూది దించి వచ్చి కూర్చున్నాడు.

నీళ్లు. ఈసారి నీళ్లు ఒకే చోటు నుంచి రాలేదు, గోదాము నిండా పరుచుకున్నాయి. గంట ఎడమవైపు మోగింది. నాకు తెలిసిన గంట. దానికి జవాబుగా కుడివైపు ఇంకో గంట మోగింది. అవతలి ఒడ్డు అది. అప్పుడు అర్థమైంది నాకు. ఆ ఆల్బమ్ కట్టినవాళ్లు నదిని పాటలో వర్ణించి ఊరుకోలేదు, గదిలోనే పారించారు. ఎడమ బాక్సు ఈ ఒడ్డు, కుడి బాక్సు ఆ ఒడ్డు, మధ్యలో నేను కూర్చున్న చోట నీళ్లు. పడవవాడు పిలిచాడు. ఆమె పలికింది. నేను నోటుబుక్కులో ఖాళీ వదిలి రాసుకున్న ప్రతిచోటా ఆమె ఉంది. వస్తున్నావా అంటోంది. నీళ్లు లోతుగా ఉన్నాయి, తగ్గాక రా అంటోంది. ఒకచోట నవ్వింది కూడా. నేను ఆ చోట మౌనం మీద పాఠం చెప్పాను.

వెనక నుంచి భాయ్ గొంతు మెల్లగా వినిపించింది. "ఆమె ఉన్నది టీచరమ్మా. మనమే ఇడిసిపెట్టినం."

మధ్యలో ఎవరో షటర్ కొట్టి, నిశ్చితార్థానికి మైక్ సెట్ కావాలని కేక వేశారు. కూర్చున్న చోటు నుంచే, "గంట ఆగి రాండ్రి," అన్నాడు భాయ్. యాభై ఏళ్లలో వచ్చిన బేరాన్ని ఆయన అలా పంపడం అదే మొదటిసారి అయి ఉంటుంది. మొదటి పక్క అయిపోయాక లేచి రికార్డు తిప్పాడు. మా ఆయన పేపర్ ఎప్పుడు మడిచి పెట్టాడో నేను చూడలేదు.

రెండో పక్కలో వాన. వానలో ఇద్దరి గొంతులూ ఒకరి మాట ఒకరికి అందక పెద్దవయ్యాయి. ఆర్గాన్ ఈసారి రెండు వైపుల నుంచీ లేచింది. గోడకు నెట్టిన హారన్లన్నీ సన్నగా మోగాయి. ఇంత పెద్ద సంగీతాన్ని సగం విని కూడా నేను అన్నేళ్లు బతకగలిగాను, ఆ సగమే నన్ను అన్నేళ్లు నడిపింది, మరి మొత్తం ఎంతటిదో అనుకున్నాను. తర్వాత వాన వెలిసింది. నాకు భయమేసింది. చివరి ఘట్టం ఎలా ఉంటుందో తెలుసు. తెడ్డు చప్పుడు తగ్గుతుంది, మునిగిపోతాడు. ఆమె పిలుస్తుంటే మునిగిపోతాడు. అది వినలేననిపించింది.

తెడ్డు ఎడమవైపు పడింది. ఒకటి, రెండు, మూడు. అలవాటైనట్టే ఎడమవైపు చప్పుడు తగ్గడం మొదలైంది. కానీ పోలేదు. జరిగింది. ఎడమ బాక్సు వదిలి లోపలికి జరిగింది, నాకు ఎదురుగా వచ్చింది, నా ముందు నుంచే నీళ్లు కోస్తూ సాగింది. పడవ నన్ను దాటుకుని పోతుంటే ఊపిరి బిగబట్టాను. తెడ్డు కుడివైపుకు వెళ్లింది. దగ్గరవుతున్న కొద్దీ పెద్దదయింది. అంతలో కర్ర నేలకు తగిలిన చిన్న మోత. తెడ్డు ఆగిపోయింది. ఆ ఒడ్డున ఇద్దరు మనుషులు, పాట కాదు, మామూలు మాటలు, ఏం మాట్లాడుకుంటున్నారో వినబడనంత మెల్లగా మాట్లాడుకుంటున్నారు. తర్వాత సూది లోపలి గాడిలో తిరుగుతున్న చప్పుడు.

వెనక్కి తిరిగి చూస్తే వాళ్లిద్దరి తలలూ కుడి బాక్సు వైపే ఉన్నాయి. భాయ్ కళ్లు తుడుచుకోలేదు, నీళ్లను అలాగే ఉంచేశాడు.

"చేరిండు," అన్నాడు.

నేను చచ్చిపోయాడని ఏడ్చిన మనిషి అన్నేళ్లుగా ప్రతిసారీ అవతలి ఒడ్డుకు చేరుతూనే ఉన్నాడు. తెడ్డు చప్పుడు పోలేదు, నాకు అందని వైపుకు పోయింది, అంతే. మా అమ్మ గుర్తొచ్చింది. కుర్చీలో కూర్చునే ఏడ్చాను, సిగ్గుపడకుండా ఏడ్చాను. ఇంకొకసారి వేయాలా అని భాయ్ అడిగాడు. వద్దన్నాను. రెండోసారి వింటే, ఇది చివరిసారి, ఇది చివరిసారి అని లెక్కపెట్టుకుంటూ వింటానని నాకు తెలుసు.

ఆపరేషన్ బాగా జరిగింది. ముఖం వంకర పోలేదు. గడ్డ పోయింది, మోత పోలేదు, కుడిచెవి పోయింది. డాక్టరమ్మ చెప్పినట్టే అన్నీ వినిపిస్తున్నాయి, కానీ అన్నీ ఒకే వైపు నుంచి వస్తున్నాయి. కుక్కర్ కూత, వీధిలో స్కూటర్, మా అమ్మాయి ఫోన్, అన్నీ ఎడమవైపు గోడలోంచే పుట్టినట్టుంటాయి. ఇంట్లోనే దారి తప్పినట్టుండేది. ఎవరు పిలిచినా లేని చోటికి తిరిగి చూసేదాన్ని. వాళ్లు పాపం అనేవాళ్లు, నాకు తల కొట్టేసినట్టయ్యేది.

కట్టు విప్పిన నాలుగో రోజో ఐదో రోజో, మధ్యాహ్నం ముందు గదిలో కూర్చుని ఉన్నాను. చాయ్ పెట్టనా అని మా ఆయన గొంతు వినబడింది. ఎడమవైపు తిరిగి, "పెట్టుండ్రి, చక్కెర తక్కువెయ్యుండ్రి," అన్నాను. అక్కడ క్యాలెండర్ ఉంది. ఆయన కుడివైపు వంటింటి గడపలో నిలబడి ఉన్నాడని అప్పుడు తట్టింది, కానీ తల తిప్పడానికి మనసు రాలేదు. గోడనే చూస్తూ ఉండిపోయాను.

ఆయన గడప దిగి, నా కుర్చీ వెనక నుంచి నడిచి ఇటువైపు వచ్చాడు. క్యాలెండర్ ముందు, సరిగ్గా నేను చూస్తున్న చోట నిలబడ్డాడు. చాయ్ పెట్టనా అని మళ్లీ అడిగాడు.